కరువు మెట్టలో ఇంటి పూలమొక్కలు: విత్తనం నుంచి కనకాంబరం పెంపకం

సారాంశం

అనంతపురం మెట్ట ప్రాంతపు ఇండ్లలో విత్తనం నుంచి పూలమొక్కలు పెంచే ప్రయత్నాలు తరచుగా విఫలమవుతుంటాయి. నెపం సాధారణంగా విత్తనంపై పడుతుంది. వాస్తవానికి విత్తిన కాలం, పోసిన నీటి నాణ్యత, పైమట్టి స్వభావం అనే మూడు అంశాలే అనేక సందర్భాలలో మొలకను దెబ్బతీస్తాయి. ఈ ప్రాంతానికి చిరపరిచితమైన కనకాంబరాన్ని ఆధారంగా తీసుకొని విత్తన సేకరణ, విత్తే కాలం, వాననీటి వినియోగం, నారు సంరక్షణ, కుండీ యాజమాన్యం ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. విద్యార్థులు చేయదగిన ఒక సులభ ప్రయోగం, విస్తరణ శాస్త్రవేత్తలకు కొన్ని సూచనలు చివర చేర్చబడ్డాయి.

ఉపోద్ఘాతం

రాయలసీమ ఇండ్లలో కనకాంబరం కేవలం అలంకార మొక్క కాదు. మల్లెతో, మరువంతో కలిపి కట్టే మాలకు రంగునిచ్చే పువ్వు ఇది. వాసన లేకపోయినా కోసిన తరువాత త్వరగా వాడదు కాబట్టి దీనికి ఆదరణ ఎక్కువ. పెరటిలో ఒక్క మొక్క ఉంటే దాని చుట్టూ రాలిన విత్తనాల నుంచి మరికొన్ని మొక్కలు మొలిచేవి. వాటిని పెకలించి ఇరుగు పొరుగు వారికి పంచేవారు. ఆ విధంగా విత్తనం డబ్బుతో పని లేకుండా ఇంటి నుంచి ఇంటికి సాగింది.

నేడు పెరడు తగ్గింది. మిద్దె మీద, వసారాలో, కిటికీ గట్టు మీద కుండీలు వచ్చాయి. మొక్కను నర్సరీ నుంచి కొని తెచ్చుకోవడం వాడుక అయింది. కొన్న మొక్కలలో అధిక భాగం కత్తిరింపుల ద్వారా పెంచినవి. వాటిలో విరివిగా దొరికే ఢిల్లీ కనకాంబరం త్రయస్థితిక రకం, అనగా దాని కణాలలో రెండు క్రోమోజోము సమితులకు బదులు మూడు సమితులు ఉంటాయి. బీజకణాలు ఏర్పడేటప్పుడు మూడు సమితులు సమానంగా విడిపోలేవు. అందువలన ఆ రకం పూలు సమృద్ధిగా పూస్తుంది కాని విత్తనం కట్టదు. వేసవిలో ఆ మొక్క ఎండిపోతే ఇంటిలో మిగిలేది ఏదీ ఉండదు, మరల కొనవలసిందే. విత్తనం కట్టే రకం ఇంటిలో ఒకటి ఉంటే ఒక కరువు వేసవి తరువాత కూడా మొక్కను తిరిగి నిలుపుకోవచ్చు. ఈ వ్యాసం ఉద్దేశం ఆ మార్గాన్ని వివరించడమే.

ప్రాంత వాతావరణం, కుండీపై దాని ప్రభావం

అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ జూన్, జూలై మాసాల వాన నమ్మదగినది కాదు. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలోనే ఎక్కువ భాగం కురుస్తుంది. నైరుతి రుతుపవన కాలంలో ఈ మెట్టపై గాలి ఉధృతి అధికం. రామగిరి కొండలపై గాలిమరలు నెలకొల్పడానికి కారణం ఈ గాలే. అది వానను వెంటబెట్టుకొని రాకపోగా నేలలోని తేమను హరిస్తుంది. మైదానంలో వేరుశనగ పైరును బెట్టకు గురిచేసే ఈ పరిస్థితి, నాలుగంగుళాల లోతు మట్టి మాత్రమే ఉన్న నారుతొట్టిలో మరింత తీవ్రంగా పనిచేస్తుంది. పొలంలో వేరు కిందికి దిగి తేమను వెదుకుతుంది. కుండీలో దిగడానికి చోటు లేదు.

ఇక్కడి ఎర్రనేలలకు మరొక లక్షణం కలదు. వాన వెలిసి ఎండ కాయగానే పైమట్టి గట్టి పొరగా బిగుసుకుంటుంది. చిన్న మొలక ఆ పొరను చీల్చుకొని రాలేదు. లోపల మొలిచి లోపలే చనిపోయిన విత్తనాన్ని చూసి అది మొలవలేదని భావించడం సహజం.

మూడవది బోరు నీరు. జిల్లాలోని అనేక గ్రామాలలో భూగర్భజలం కఠినమైనది. బైకార్బొనేట్లు, లవణాలు, కొన్నిచోట్ల ఫ్లోరైడు అధికం. ఎదిగిన మొక్క కొంత మేరకు తట్టుకొనే ఉప్పును మొలక తట్టుకోలేదు. ఉప్పు పెరిగిన మట్టిలో నీరు ఉన్నప్పటికీ విత్తనం దానిని పీల్చుకోవడం కష్టమవుతుంది.

కనకాంబరం: మొక్క, కాయ, విత్తనం

కనకాంబరం శాస్త్రీయ నామం క్రాసాండ్రా ఇన్‌ఫండిబులిఫార్మిస్. ఇది అడ్డసరం కుటుంబమైన అకాంథేసికి చెందినది. భారతదేశం, శ్రీలంక దీని జన్మస్థానాలు. ఐరోపా దేశాలలో ఇది ఇంటి లోపల కుండీలో పెంచే పూలమొక్కగా ప్రసిద్ధి పొందింది. స్వీడన్‌లో రూపొందించిన ‘మోనా వాల్‌హెడ్’ అనే పొట్టి రకం ఇందుకు ఉదాహరణ. అక్కడివారు ఈ మొక్కకు కృత్రిమంగా వెచ్చదనం కల్పించాలి. మనకు వెచ్చదనం కొరత లేదు. గాలిలో తేమ కొరత ఉంది. కావున అక్కడి సాగు సూచనలను యథాతథంగా ఇక్కడ అనుసరించరాదు.

పూలు కంకిపై కింది నుంచి పైకి వరుసగా విచ్చుకుంటాయి. పూవు రాలిన చోట పచ్చని రక్షక పత్రాల నడుమ చిన్న కాయ ఏర్పడుతుంది. ఒక్కొక్క కాయలో సాధారణంగా నాలుగు విత్తనాలుంటాయి. ప్రతి విత్తనాన్ని కొక్కెం వంటి గట్టి కాడ పట్టి ఉంచుతుంది. ఎండిన కాయకు తేమ తగలగానే అది ఒక్కసారిగా పగులుతుంది. ఆ కొక్కేలు విత్తనాలను దూరంగా విసురుతాయి. ఎండిన కంకిని నీటిలో వేస్తే చిటపటమని శబ్దం రావడానికి కారణం ఇదే.

ఈ నిర్మాణం నుంచి సాగుకు సంబంధించిన రెండు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, ప్రకృతిలో ఈ విత్తనం పొడినేలపై రాలదు. తడిసిన నేలపై రాలుతుంది. అనగా వాన పడిన వెంటనే మొలకెత్తే అవకాశం పొందేటట్లు మొక్క తన విత్తనాన్ని దాచి ఉంచుతుంది. రెండవది, వానకు ముందే కంకులు కోయకపోతే విత్తనం మన చేతికి దక్కదు.

విత్తన సేకరణ, నిల్వ

పూలు కోయకుండా కొన్ని కంకులను విత్తనానికి వదలాలి. మాలకు పూలన్నీ కోసే ఇంటిలో విత్తనం దొరకకపోవడానికి ఇదొక కారణం. ఒక మొక్కపై బలమైన రెండు మూడు కంకులకు దారం కట్టి గుర్తు పెట్టుకుంటే చాలు. కంకి అడుగు భాగం గోధుమరంగుకు తిరిగి కాయలు గట్టిపడిన తరువాత, మబ్బు లేని రోజున, మంచు తడి ఆరిన పిమ్మట కోయాలి. కోసిన కంకులను కాగితపు సంచిలో గాని పలుచని గుడ్డసంచిలో గాని ఉంచి మూతి కట్టి నీడలో ఆరబెట్టాలి. చాలా కాయలు సంచిలోనే పగులుతాయి. మిగిలిన వాటిపై కొద్దిగా నీరు చిలకరించి వెంటనే గుడ్డ కప్పితే అవి కూడా పగులుతాయి. తడిసిన విత్తనాన్ని అప్పటికప్పుడు విత్తుకోవాలి. లేదా రెండు మూడు రోజులు నీడలో పూర్తిగా ఆరనివ్వాలి.

కనకాంబరం విత్తనం ఏళ్ల తరబడి దాచుకోదగినది కాదు. తాజా విత్తనమే బాగా మొలుస్తుంది. ఆరిన విత్తనాన్ని కాగితపు పొట్లంలో కట్టి, సేకరించిన నెల రాసి, గాలి చొరని సీసాలో చల్లని చోట ఉంచి రాబోయే విత్తే కాలంలోనే వినియోగించుకోవాలి. మిద్దె గదిలో, పొయ్యి సమీపంలో ఉంచిన విత్తనం వేసవి వేడికి శక్తి కోల్పోతుంది.

బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అంబర, అర్క కనక మొదలైన మేలైన కనకాంబరం రకాలను అందించింది. ఇటువంటి రకం మొక్క నుంచి తీసిన విత్తనంతో పెరిగిన మొక్కలన్నీ తల్లిని పోలి ఉంటాయని ఆశించరాదు. రంగులో, కంకి పొడవులో తేడాలు వస్తాయి. ఇంటి పెంపకానికి ఇది లోపం కాదు. ఈ తేడాల నుంచే మన నీటిని, మన ఎండను తట్టుకొన్న మొక్కను ఎంచుకొని దాని విత్తనాన్ని కొనసాగించవచ్చు.

విత్తే కాలం

జూన్‌లో తొలకరి పడగానే విత్తడం అలవాటు. ఈ మెట్టలో కుండీ నారుకు అది అనుకూలం కాదు. గాలి తగ్గి, వాన నిలకడగా పడి, గాలిలో తేమ పెరిగే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకు ఉన్న కాలం శ్రేయస్కరం. సముద్రమట్టం నుంచి ఎత్తుగా ఉండి శీతాకాలంలో చల్లగా ఉండే మడకశిర, హిందూపురం పరిసరాలలో ఆగస్టు నెలాఖరులోగా విత్తుకోవాలి. ఆలస్యమైతే నారు దశలోనే చలి తగిలి ఎదుగుదల నిలిచిపోతుంది.

సెప్టెంబరులో విత్తిన నారు నవంబరులో కుండీకి మారుతుంది. ఏప్రిల్ ఎండ ముదిరేలోగా దానికి ఐదు నెలల వేరు పెరుగుదల లభిస్తుంది. ఫిబ్రవరిలో కొని తెచ్చిన మొక్కకు ఆ వ్యవధి ఉండదు. వేసవిని తట్టుకొనే శక్తిలో తేడాకు ఇదొక ముఖ్య కారణం.

నీటి లెక్క

ట్యాంకరు నీటిపై ఆధారపడే వీధిలో పూలమొక్కకు నీరెక్కడిదన్న ప్రశ్న న్యాయమైనది. దానికి లెక్కతోనే సమాధానం చెప్పాలి.

50 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల నారుతొట్టి ఉపరితలం 0.15 చదరపు మీటరు. రోజుకు 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే తొట్టి కోల్పోయే నీరు 0.9 లీటరు. 45 రోజుల నారు దశకు సుమారు 40 లీటర్లు కావాలి. అదే తొట్టిని నడివేసవిలో ఉంచి, ఆవిరి రోజుకు 12 మిల్లీమీటర్లుగా లెక్కిస్తే అవసరం 80 లీటర్లు దాటుతుంది. విత్తే కాలాన్ని మార్చుకోవడం ద్వారానే సగం నీరు ఆదా అవుతుంది.

ఇక వాననీరు. 10 చదరపు మీటర్ల మిద్దెపై 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 200 లీటర్ల నీరు పడుతుంది. మొదటి జల్లుతో మిద్దె కడిగిపోయిన నీటిని వదిలివేసి, నాలుగవ వంతు నష్టమైనదనుకొన్నా 150 లీటర్లు మిగులుతాయి. అనగా సెప్టెంబరులో పడే ఒక మంచి వానను మూత ఉన్న డ్రమ్ములో పట్టుకొంటే మూడు తొట్ల నారుకు సరిపోతుంది. దోమలు చేరకుండా డ్రమ్ము మూతికి గుడ్డ కట్టాలి.

లెక్కలో రెండవ భాగం ఉప్పు. లీటరుకు 1,500 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీరు 40 లీటర్లు పోస్తే తొట్టిలోనికి 60 గ్రాముల లవణం చేరుతుంది. నీరు ఆవిరవుతుంది, లవణం అక్కడే ఉంటుంది. తొట్టి అంచున, మట్టిపైన కనిపించే తెల్లని పూత ఇదే. నారు దశలో వాడే నీటి విద్యుద్వాహకత 0.75 డెసిసీమెన్/మీటరుకు లోబడి ఉండటం మంచిది.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. గ్రామాలలోను, ఇండ్లలోను ఉన్న ఆర్‌ఓ యంత్రాల నుంచి బయటకు పోయే నీటిని వృథా కానీయరాదన్న సదుద్దేశంతో మొక్కలకు పోస్తున్నారు. తాగునీటి నుంచి తీసివేసిన ఉప్పంతా ఆ నీటిలోనే ఉంటుంది. అది నేల కడగడానికి పనికివస్తుంది. నారుకు ఎంతమాత్రం పనికిరాదు. ఏసీ యంత్రం నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక వాననీరు అయిపోయినప్పుడు దానిని వాడుకోవచ్చు.

మిశ్రమం, విత్తే విధానం

జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి నారుతొట్టి నింపాలి. కొబ్బరి పొట్టు వాడదలచినచో మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి పిండాలి. కడగని పొట్టులో ఉప్పు ఉండవచ్చు. ఈ ప్రాంతంలో సులభంగా దొరికే వేరుశనగ పొట్టును పచ్చిగా కలపరాదు. మొదలుకుళ్ళు కలిగించే స్క్లీరోషియం శిలీంధ్రం దానితోపాటు రావచ్చు. బాగా మాగిన తరువాతనే వాడాలి.

మట్టిని శుద్ధి చేయడానికి మన వేసవియే ఉత్తమ సాధనం. మే మాసంలో మిశ్రమాన్ని తడిపి, ఎండ తగిలే చోట పలుచగా పరచి, పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి అంచులను మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. ఈ సౌరీకరణ వలన నారుకుళ్ళు శిలీంధ్రాలు, నులిపురుగులు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. ఆపై విత్తే ముందు ట్రైకోడెర్మా కలిపిన మాగిన పశువుల ఎరువును కొద్దిగా చేర్చాలి.

తొట్టిని ముందురోజే తడిపి ఉంచాలి. రెండు మూడు సెంటీమీటర్ల ఎడంతో విత్తనాలను పరచి, వాటి మందానికి రెట్టింపు లోతులో మాత్రమే కప్పాలి. కప్పడానికి ఎర్రమట్టి వాడరాదు; సన్నని వర్మీకంపోస్టు గాని ఇసుక గాని వాడితే పొర బిగుసుకోదు. తొట్టిపై తడి గోనెగుడ్డను ఆనకుండా కప్పి, తూర్పు వసారాలో గాలి నేరుగా తగలని చోట ఉంచాలి. పైనుంచి నీరు పోయక, తొట్టిని లోతు తక్కువైన పళ్ళెంలో ఉంచి అడుగు నుంచి తడి ఎక్కనివ్వాలి. పైమట్టి తడి కనబడగానే పళ్ళెం నుంచి తీసివేయాలి.

మొలక రెండు నుంచి నాలుగు వారాలలో, అంతా ఒకేసారి కాక విడతలుగా వస్తుంది. పది రోజులకే నిరాశపడి తొట్టిని ఖాళీ చేయరాదు. మొదటి మొలక కనబడిన రోజునే గోనెగుడ్డ తొలగించాలి. లేనిచో మొలకలు పాలిపోయి సాగుతాయి.

నారు సంరక్షణ, కుండీలోకి మార్పు

మొలకలు మట్టి మట్టానికి మెత్తబడి వాలిపోతే నారుకుళ్ళుగా గుర్తించి, తడి తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి తడపాలి. ఐదారు ఆకులు వచ్చిన నారును సాయంకాలం వేళ వేరు చుట్టూ మట్టితో సహా తీసి, 20 నుంచి 25 సెంటీమీటర్ల కుండీలో నాటాలి. కుండీకి ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి సరిపోతాయి. కనకాంబరానికి వేరుబుడిపె నులిపురుగుల బెడద ఉంది కాబట్టి వంగ, టమాట పెంచిన పాతమట్టిని శుద్ధి చేయకుండా వాడరాదు.

లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుపధాతు లోపం. బోరు నీటి బైకార్బొనేట్ల వలన మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు పిచికారి చేయాలి. వేరుశనగలో ఇదే లోపానికి ఇదే ద్రావణం వాడుతున్నందున రైతు కుటుంబాలకు ఇది సుపరిచితం.

వేసవిని దాటించడం

కనకాంబరం పాక్షిక నీడను సహిస్తుంది. మార్చి నుంచి ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోటికి కుండీలను మార్చి ఒకదానికొకటి దగ్గరగా పెట్టాలి. మట్టికుండీని దానికంటె పెద్ద కుండీలో ఉంచి, మధ్య ఖాళీలో ఇసుక నింపి ఆ ఇసుకను తడిపితే వేరు మండలం చల్లగా ఉంటుంది. మిద్దె బండపై కుండీని నేరుగా ఉంచరాదు. కింద ఇటుకలు పెట్టాలి. వాడిన కంకులను తొలగించి కొమ్మలను తేలికగా కత్తిరిస్తే నీటి అవసరం తగ్గుతుంది. బోరు నీరు వాడక తప్పని కుండీలకు, రోజూ కొద్దికొద్దిగా కాక, నెలకొకసారి అడుగు రంధ్రం నుంచి కారేవరకు నీరు పోసి పేరుకున్న ఉప్పును బయటకు పంపాలి.

విత్తనంతో పెంచదగిన ఇతర మొక్కలు

శంఖుపుష్పం కిటికీ ఊచలకు పాకించడానికి అనువైనది. విత్తన కవచం గట్టిది కనుక గరుకు కాగితంపై ఒక పక్క రుద్ది రాత్రంతా నానబెట్టి విత్తాలి.

బిళ్లగన్నేరు విత్తనం చీకటిలో బాగా మొలుస్తుంది. కనుక పూర్తిగా కప్పి విత్తాలి. మొలిచిన తరువాత అధిక తడి దీనికి ప్రధాన శత్రువు.

ఎడారి గులాబీ విత్తనాన్ని, పైవాటికి భిన్నంగా, ఫిబ్రవరి చివర గాని మార్చిలో గాని విత్తుకోవచ్చు. తాజా విత్తనం వారం రోజులలో మొలుస్తుంది. కాండం అడుగున అందంగా ఉబ్బిన దుంప విత్తనంతో పెరిగిన మొక్కకే సహజంగా ఏర్పడుతుంది. కత్తిరింపుతో పెరిగిన మొక్కకు ఆ రూపం రాదు. నీటిని నిల్వ చేసుకొనే భాగం అదే.

బిళ్లగన్నేరు, ఎడారి గులాబీ రెండూ విషపూరితాలు. చిన్న పిల్లలు, మేకలు, గొర్రెలు ఉన్న ఇంటిలో అందని ఎత్తులో ఉంచాలి.

విద్యార్థులకు ప్రయోగం

ఒకే మొక్క నుంచి ఒకేసారి సేకరించిన 100 కనకాంబరం విత్తనాలను తీసుకొని 25 చొప్పున నాలుగు భాగాలు చేయాలి. మొదటి భాగాన్ని వాననీటితో తడిపిన కాగితపు చుట్టలో, రెండవ భాగాన్ని బోరు నీటితో తడిపిన కాగితపు చుట్టలో ఉంచాలి. మూడవ భాగాన్ని ఎర్రమట్టితో కప్పి, నాలుగవ భాగాన్ని ఇసుకతో కప్పి, రెండింటికీ వాననీరే ఇవ్వాలి. నాలుగు వారాల పాటు రోజూ మొలకలను లెక్కించాలి. మొదటి రెండింటి తేడా నీటి ప్రభావాన్ని, చివరి రెండింటి తేడా పైమట్టి ప్రభావాన్ని తెలుపుతాయి. వాననీటి కాగితపు చుట్టలో కూడా మొలక లేకపోతేనే దోషం విత్తనానిది. 25 విత్తనాల ఫలితం నుంచి తొందరపాటు నిర్ణయం తీసుకోకుండా ప్రయోగాన్ని కనీసం మూడుసార్లు పునరావృతం చేయాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

“విత్తనం మొలవలేదు” అని గృహిణి చెప్పినప్పుడు మొదట అడుగవలసినవి మూడు ప్రశ్నలు: ఏ నెలలో విత్తారు? ఏ నీరు పోశారు? దేనితో కప్పారు? ఈ మూడింటికి సమాధానాలు తెలిసిన తరువాతనే విత్తనం గురించి మాట్లాడాలి. భూసార పరీక్షకు మట్టి తెచ్చే రైతు కుటుంబాన్ని ఇంటి నీటి నమూనా కూడా తెమ్మని కోరడం మేలు. శిక్షణ తరగతులలో నారు పంచడానికి బదులు, గ్రామంలోనే విత్తనం కట్టే కనకాంబరం మొక్కలు ఏ ఇండ్లలో ఉన్నాయో గుర్తించి, ఆగస్టుకు ముందు కంకులు సేకరింపజేసి, సెప్టెంబరు తొలి మంచి వాన నీటిని పట్టించి విత్తింపజేస్తే, తరువాతి సంవత్సరం ఆ కార్యక్రమం మన సహాయం లేకుండానే సాగుతుంది.

ముగింపు

కరువు ప్రాంతంలో పూలమొక్క విలాసమన్న అభిప్రాయం ఉంది. పైన చూపిన లెక్క ప్రకారం ఒక నారుతొట్టికి కావలసినది 40 లీటర్ల మంచినీరు మాత్రమే. దానిని ఒక వానలో మిద్దె మీద నుంచే పట్టుకోవచ్చు. ఎండిన కాయ తేమ తగిలినప్పుడే పగిలి విత్తనాన్ని విడిచిపెడుతుంది. మనం కూడా ఆ సమయాన్నే అనుసరించి, ఆ నీటితోనే విత్తుకొంటే కనకాంబరం ఈ మెట్ట ఇండ్లలో కొనకుండానే కొనసాగుతుంది.